గంధకం తగిలిన వెండి

మా చుట్టాల్లో ఎవరు వెండి కొనాలన్నా ఇప్పుడు నన్ను వెంట తీసుకెళ్తారు. పసిబిడ్డకు మొలతాడు కావచ్చు, పెళ్లికూతురికి మెట్టెలు కావచ్చు, గృహప్రవేశానికి కుంకుమ భరిణె కావచ్చు. నేను షాపులో కూర్చుని వస్తువును అరచేతిలో వేసుకుని బరువు చూస్తాను. అతుకుల దగ్గర గోటితో గీకుతాను. వేళ్లతో గట్టిగా రుద్ది ముక్కు దగ్గర పెట్టుకుంటాను. షాపువాళ్లు విసుక్కుంటారు, మావాళ్లు మాత్రం గర్వంగా చూస్తారు. ఒక మనిషిని నలుగురిలో అవమానించాక నేర్చుకున్న విద్య ఇది. ముందే నేర్చుకుని ఉంటే దీని గురించి రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

మాది గుంటూరు జిల్లాలో మిరప, పత్తి పండే ఊరు. తొంభైల చివర్లో నాకు ఊళ్లో ఒక పేరుండేది. గుంటూరు మిరప యార్డులో బస్తా మూతి విప్పి చెయ్యి లోపలికి పోనిస్తే చాలు, కాయ ఎన్నాళ్లు ఆరిందో, పైన ఎర్రగా నిగనిగలాడే కాయ పోసి అడుగున రంగు పోయిన తాలుకాయ కలిపారో లేదో చెప్పేవాణ్ణి. చాలాసార్లు నిజమయ్యేది. నా చెయ్యి అబద్ధం చెప్పదని నేనే అందరికంటే ఎక్కువ నమ్మాను. మిరపకాయ తెలిసినవాడికి పత్తి తెలుస్తుంది, పత్తి తెలిసినవాడికి లోకంలో ఏ సరుకైనా తెలుస్తుంది అనుకునేవాణ్ణి.

ఆ నమ్మకంతోనే నా పెళ్లికి ఏడాది ముందు మా వదినకు వెండి పట్టీలు కొనుక్కొచ్చాను. "నువ్వయితే మోసపోవురా" అని అన్నయ్య నన్నే పంపాడు. గుంటూరులో ఒక సందులో చిన్న దుకాణం. ట్యూబ్‌లైట్ల కింద నల్లటి మఖమల్ గుడ్డ మీద పట్టీలు పరిచి ఉన్నాయి. నేను ఒక్కొక్కటే ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాను. ఎక్కువ మెరిసేదాన్ని, ఎక్కువ గజ్జెలున్నదాన్ని ఏరాను. షాపతను బరువు మాత్రమే రాసిన చీటీ ఇచ్చాడు. అది వెండి అని ఆ చీటీలో ఎక్కడా లేదు. నేను అడగలేదు. బేరం బాగా చేశానని సంతోషంతో ఇంటికొచ్చాను. ఇంత తక్కువకు ఎలా ఇచ్చాడా అన్న అనుమానం కూడా రాలేదు. నా తెలివికి తగ్గాడనుకున్నాను.

తర్వాత నా పెళ్లి చీరాల దగ్గర ఊళ్లో అయింది. అత్తవారిది పొగాకు వేసే కుటుంబం. పెళ్లిలో మా అత్తగారు కూతురి కాళ్లకు పెట్టిన పట్టీలు మొదటి చూపులోనే నా కంటికి ఆనలేదు. మెరుపు లేదు. పాలలో చిటికెడు బూడిద కలిపినట్టు ఒక మందమైన తెలుపు. గజ్జెలు తక్కువ, గొలుసు లావు. అవి షాపులో కొన్నవి కావు. అత్తగారు తన కాళ్ల కడియాలు తీసి, వాళ్ల ఊరి కంసాలి ఆచారి గారి చేత కరిగించి చేయించినవి. ఆ కడియాలు ఆమెకు ఆమె అత్తగారు పెట్టినవట. ఈ సంగతి నా భార్య కాపురానికొచ్చిన మొదటి వారంలోనే చెప్పింది. చెవిన వేసుకున్నాను తప్ప మనసుకు పట్టించుకోలేదు.

ఆ చలికాలం మా మిరపకు బూడిద తెగులు తగిలింది. దానికి మందు గంధకం. పొద్దున్నే ఆకు మీద మంచు తడి ఆరకముందే పొడి చల్లాలి. పల్చటి గుడ్డ సంచిలో పొడి పోసి, సాళ్ల మధ్య నడుస్తూ కర్రతో తడుతుంటే ఆకుల మీద పసుపు పొగలా పడుతుంది. కూలీలు దొరకని రోజుల్లో ఇంట్లోవాళ్లమే చల్లేవాళ్లం. నా భార్య, మా వదిన పక్కపక్క సాళ్లలో నడిచేవాళ్లు. ఇంటికొచ్చేసరికి ఇద్దరికీ మోకాళ్ల దాకా పసుపే.

పది రోజులు తిరక్కుండా నా భార్య పట్టీలు నల్లబడ్డాయి. దేవుడి దగ్గర కుందులు మసకబారినట్టు కాదు, కట్టెల పొయ్యి మీది గిన్నె అడుగులా. చింతపండుతో తోమితే కాస్త తెల్లబడేవి, నాలుగు రోజులకు మళ్లీ అంతే. వదిన పట్టీలు మాత్రం కొన్ననాడు ఎలా ఉన్నాయో అలాగే తళతళలాడుతున్నాయి.

"ఒంట్లో వేడి చేస్తే వెండి నల్లబడుద్దిరా. పిల్లకి మజ్జిగ ఎక్కువ తాపండి" అంది మా అమ్మ.

"వేడీ లేదు, ఏం లేదు. సరుకులో తేడా ఉంది" అన్నాను నేను. నా లెక్క నాకు తిరుగులేనిదిగా కనపడింది. ఒకే పొలం, ఒకే పొడి, పక్కపక్క సాళ్లు. ఒకటి తెల్లగా ఉంది, ఒకటి నల్లబడింది. ఒకే మడిలో రెండు విత్తనాలు వేస్తే ఒకటి మొలిచి ఒకటి మొలవకపోతే తప్పు విత్తనానిదే కదా. "మీ ఆచారి సగానికి సగం ఏదో కలిపేశాడు" అన్నాను నా భార్యతో.

"మా అమ్మ పక్కన కూర్చుంటేనే కరిగించాడండి."

"అయితే మీ అమ్మ కడియాలే అంత."

ఆమె ఆ సాయంత్రం పట్టీలు విప్పి ట్రంకు పెట్టెలో పెట్టేసింది. అక్కడితో ఆపి ఉంటే అది మా ఇద్దరి మధ్య మాటగా మిగిలిపోయేది.

మరుసటి ఏడాది మాకు కొడుకు పుట్టాడు. ఆరో నెలలో అన్నప్రాశన మా ఇంటి ముందు పందిట్లో పెట్టుకున్నాం. మా వైపు అమ్మమ్మ గారింటి నుంచి వెండి గిన్నె, చెంచా రావడం ఆనవాయితీ. ఆ గిన్నెలోనే పరమాన్నం పెట్టి బిడ్డ నోటికి అందిస్తారు. అత్తగారు, మామగారు, వాళ్ల ఊరి చుట్టాలు పదిమంది దాకా వచ్చారు. అత్తగారు పసుపు, కుంకుమ పెట్టిన పళ్లెంలో గిన్నె తెచ్చి పీట ముందు పెట్టారు. చిన్న గిన్నె, అంచు చుట్టూ సన్నటి తీగ నగిషీ. అదే మందమైన తెలుపు.

"అత్తయ్య గారూ, ఇది కూడా మీ ఆచారి చేసిందేనా?" అన్నాను.

"అవును బాబూ. ఆయనే చేశాడు" అన్నారు ఆమె సంతోషంగా. నేను మెచ్చుకోబోతున్నాననుకున్నారు.

"అయితే ముందు దీన్ని మా పొలానికి తీసుకెళ్లి కాస్త గంధకం చల్లి చూద్దాం. నల్లబడకపోతే అప్పుడు పిల్లాడికి పెడదాం."

పందిట్లో నవ్వులు లేచాయి. మా బాబాయి ఒకాయన, "ఏరా, అత్తగారి వెండిని తూర్పారబడుతున్నావే" అన్నాడు. ఆ నవ్వులతో నాకు ఊపొచ్చింది. పట్టీల సంగతి అంతా చెప్పాను. వదిన పట్టీలూ వీటినీ పోల్చి చూడమన్నాను. కల్తీ సరుకు ఏదో నాకు చెయ్యి పెడితే తెలుస్తుందన్నాను. ఆఖరికి, "పసిబిడ్డ నోట్లోకి పోయేది, ఏం కలిపారో ఏమో. లోపల్నుంచి స్టీలు గిన్నె తీసుకురండి" అన్నాను.

స్టీలు గిన్నె తెచ్చారు. అందులోనే పరమాన్నం పెట్టాం. అత్తగారి ముఖం ఎలా ఉందో నేను చూడలేదు కాబట్టి చెప్పలేను. చూడకపోవడం కూడా నేను కావాలని చేసిందే. భోజనాల వేళకు ఆమెకు తలనొప్పిగా ఉందన్నారు. విస్తరి ముందు కూర్చోకుండానే, గిన్నె సంచిలో పెట్టుకుని మామగారితో కలిసి చీరాల బస్సెక్కారు.

ఆ తర్వాత ఆమె మా ఇంటికి రావడం మానలేదు. మనవడు ఉన్నాడు మరి. కానీ వచ్చి వరండాలో కూర్చునేవారు, పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని ఓ గంట ఆడించి వెళ్లిపోయేవారు. భోంచేయమంటే "ఇప్పుడే తిని వచ్చాను" అనేవారు. చీరాల నుంచి మా ఊరికి రెండు బస్సులు మారాలి. ఇప్పుడే ఎక్కడ తింటారు? నాతో నేరుగా మాట్లాడటం కూడా పోయింది. నేను ఎదురుగా ఉన్నా, "ఆయన్ని పిల్లాడికి టీకా వేయించారేమో అడుగమ్మా" అని కూతురితో అనేవారు. అల్లుడితో అలా చాటుగా మాట్లాడే అలవాటు పాతకాలపు ఆడవాళ్లలో ఉన్నదే కాబట్టి, ఇదీ అదేలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పెళ్లైన కొత్తల్లో ఆమె నన్ను "బాబూ" అని నోరారా పిలిచేవారని మాత్రం గుర్తుంచుకోలేదు.

అలా నాలుగేళ్లు గడిచాయి. రెండువేల సంవత్సరం దాటాక ఒక వేసవిలో మా వదిన పట్టీ కొక్కెం తెగింది. నేను కాయ తీసుకుని యార్డుకు వెళ్తుంటే, మార్చి కొత్తవి తెమ్మని నా చేతికిచ్చింది. ఎలాగూ వెళ్తున్నాను కదా అని ట్రంకు పెట్టెలోని నల్లటి పట్టీలు కూడా జేబులో వేసుకున్నాను, వచ్చినకాడికి వదిలించుకుందామని. కొన్న దుకాణం కోసం చూస్తే ఆ సందులో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. పెద్ద బజారులో ఒక పాత వెండి షాపుకు వెళ్లాను. కళ్లజోడు పెట్టుకున్న పెద్దాయన ఒక్కడే ఉన్నాడు.

వదిన పట్టీని ఆయన అరచేతిలో ఎగరేసి పట్టుకున్నాడు. తర్వాత గాజు బల్ల మీద వదిలాడు. టక్కుమంది. తన డ్రాయరులోంచి ఒక వెండి బిళ్ల తీసి దాని పక్కనే వదిలాడు. అది సన్నగా మోగి, ఆ మోత కాసేపు గాలిలో నిలిచింది.

"ఎవరు కొన్నారండి ఇవి?"

"మావాళ్లు ఎవరో" అన్నాను.

ఆయన చిన్న ఆకురాయితో కొక్కెం దగ్గర రుద్ది, ఆ గీసిన చోట సీసాలోంచి యాసిడ్ చుక్క వేశాడు. ఆకుపచ్చ నురగ పొంగింది. "జర్మన్ సిల్వర్ అంటారండి. సిల్వర్ పేరులోనే ఉంది. రాగి, నికెల్, జింకు కలిపి పైన మళ్లీ నికెల్ పూతే పూస్తారు. మేము వెండి కింద తీసుకోం" అన్నాడు.

మాట మార్చడానికి జేబులోవి తీసి బల్ల మీద పెట్టాను. "ఇవీ చూడండి. ఇవి ఎలాగూ కల్తీయే."

ఆయన వాటిని చూసి నవ్వాడు. "మీరేం పండిస్తారండి?"

"మిరప."

"గంధకం చల్లారా?"

"చల్లాం."

"మరి గంధకం తగిలితే వెండి నల్లబడక ఏమవుద్ది? గంధకానికీ వెండికీ పడదండి. అచ్చమైన వెండి కాబట్టే ఇంత నల్లగా అయింది. గంధకంలో తిరిగి కూడా తెల్లగా ఉందంటే, దాన్ని అనుమానించాలి. మిరప రైతు అయ్యుండి మీకు నేను చెప్పాలా?"

ఒక మూల గీసి యాసిడ్ చుక్క వేశాడు. పచ్చదనం రాలేదు. దాని మీద ఉప్పునీటి బొట్టు వేస్తే పాలు విరిగినట్టు తెల్లగా తేలింది. "పాత కడియాల వెండిలా ఉంది. ఇలాంటిది ఇప్పుడు షాపుల్లో అడిగినా దొరకదు. ఇచ్చేస్తారా?"

"ఇవ్వను" అన్నాను. అత్తగారి కాళ్లు గుర్తొచ్చాయి. మా వరండాలో కూర్చున్నప్పుడు చీర అంచు కింద, మడమల పైన, కడియాలు ఒరుసుకున్న చోట చర్మం మీద ఇంకా చెరగని నున్నటి గీత. నాలుగేళ్లుగా దాన్ని చూస్తూనే ఉన్నాను.

"పోనీ ఒక పది నిమిషాలు కూర్చుంటే మెరుగు పెట్టిస్తాను. మల్లెపువ్వులా అవుతాయి" అన్నాడాయన.

వద్దన్నాను. తెల్లగా తీసుకెళ్తే ఇంట్లో అడుగుతారు. అడిగితే చెప్పాలి. నల్లగానే తెచ్చి ట్రంకు పెట్టెలో ఉన్నచోటే పెట్టాను. వదినకు అదే షాపులో అసలైన పట్టీలు నా డబ్బుతో కొని తెచ్చి, "పాతవి అతకవట, మార్చేశాను" అన్నాను. మోసపోయినందుకు కాదు నాకు సిగ్గు. నా చెయ్యి అబద్ధం చెప్పిందని ఊరికి తెలుస్తుందేమోనని. కల్తీ సరుకు ఏరి తెచ్చింది నేనైతే, అసలు సరుకును కల్తీ అన్నదీ నేనే. ఈ రెండూ ఒకేసారి ఒప్పుకోవడం నా వల్ల కాలేదు. రెండేళ్లు నోరు మెదపలేదు.

ఆ రెండేళ్లలో నేను చేసింది ఒక్కటే, వెండి గురించి నేర్చుకోవడం. తప్పు ఒప్పుకోవడం కన్నా పాఠం చదువుకోవడం తేలిక. యార్డుకు వెళ్లినప్పుడల్లా ఆ పెద్దాయన షాపులో కూర్చునేవాణ్ణి. ఆయన విసుక్కోకుండా చెప్పేవాడు. వెండిని ట్యూబ్‌లైటు కింద కొనకూడదు, గుమ్మంలోకి తెచ్చి పగటి వెలుతురులో చూడాలి. ఎప్పుడూ మెరుపు చూడొద్దు, అరిగే చోట్లు చూడాలి. కొక్కెం, మర, అతుకు, లోపలి వైపు. పూత పూసింది ముందు అక్కడే పోతుంది, ఎర్రగానో పసుపుగానో లోపలి రంగు కనపడుతుంది. గట్టిగా రుద్ది వాసన చూడాలి. వెండికి వాసన ఉండదు, రాగి కలిసినదానికి ఇత్తడి చెంబు వాసన వస్తుంది. అయస్కాంతానికి అతుక్కుంటే అది వెండి కాదు, నిజమే. కానీ అతుక్కోనంత మాత్రాన వెండి అయిపోదు, జర్మన్ సిల్వరూ అతుక్కోదు. అంకెల ముద్ర ఉంటే మంచిదే గానీ, ముద్ర కొట్టే సుత్తి ఎవరి దగ్గరైనా ఉంటుంది. అందుకని బిల్లు మీద బరువు ఒక్కటే కాకుండా వెండి అని, నూటికి ఎంత వెండో రాయించుకోవాలి. రాయనన్న చోట కొనకూడదు. బోలుగా ఉన్న కడియాల్లో లక్క నింపుతారు, దాన్నీ వెండితో పాటే తూస్తారు, కాబట్టి అడగాలి.

"ఇవన్నీ కాదండి" అన్నాడు ఒకసారి ఆయన. "కొనే ముందు ఒక్క మాట అడగండి. రేపు నేను దీన్నే వెనక్కి తెస్తే నువ్వు వెండి కింద తీసుకుంటావా అని. అప్పుడు షాపువాడి ముఖం చూడండి. నగను చూడక్కర్లా."

ఆ మాట నాకు షాపుల గురించి చెప్పినట్టు అనిపించలేదు. నేను అన్న మాటను ఎవరైనా తిరిగి నా ముందుకు తెస్తే నా ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

తర్వాత మాకు కూతురు పుట్టింది. అయిదో నెల వస్తోంది, అన్నప్రాశనకు రోజు చూడాలి. ఒక మధ్యాహ్నం నా భార్య బిడ్డకు నూనె రాస్తూ, "అమ్మ రాదండి" అంది. "నేను పిలిస్తే చూద్దాంలే అంటది. అమ్మ లేకుండా ఈ పిల్లకి అన్నం ముట్టించను. మీరే వెళ్లి పిలవాలి."

"నేను పిలిస్తే వస్తారా?"

"ఏం చెప్పి పిలుస్తారో దాన్ని బట్టి."

"ఆ పట్టీలు వెండేనట" అన్నాను. "ఈమధ్యే తెలిసింది." అప్పుడు కూడా రెండేళ్లని చెప్పలేకపోయాను.

ఆమె తలెత్తలేదు. "మా అమ్మ కాళ్లు చూసినవాళ్లకి ఎప్పుడో తెలుసు" అంది.

మర్నాడే వెళ్లాను. అత్తగారు ఇంటి ముందు పందిరి కింద కూర్చుని పొగాకు ఆకులు దారానికి గుచ్చుతున్నారు. మామగారు మంచం మీద పేపరు చదువుతున్నారు. నన్ను చూసి అత్తగారు చేతిలో సూది ఆపకుండానే, "ఏవండీ, అల్లుడుగారు వచ్చారు. ఏం పని మీద వచ్చారో కనుక్కోండి" అన్నారు.

"ఎదురుగానే ఉన్నాడుగా, నువ్వే కనుక్కో" అన్నారు మామగారు పేపరు దించకుండా.

"పాపకు అన్నప్రాశన అత్తయ్య గారూ. మీరు రావాలి" అన్నాను.

"స్టీలు గిన్నె మమ్మల్నే తెమ్మంటారా, వాళ్లింట్లో ఉందా, అడగండి."

మామగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. నేను నేల మీద కూర్చున్నాను. "పట్టీలు అచ్చమైన వెండి. నేనన్నది తప్పు. గంధకం వల్ల నల్లబడ్డాయి."

ఆమె చేతులు అప్పుడు ఆగాయి. "అది అచ్చమైనదని నాకు ఇప్పుడు ఇంకొకరు చెప్పాలా? నా కాళ్లకి ముప్పై ఏళ్లు ఉంది." ఇంకా మామగారితోనే మాట్లాడుతున్నారు, కానీ గొంతు మారింది. "నా సంగతి పోనీయండి. ఆచారి గారు మా ఇంట్లో మూడు తరాలకి చేశారు. ఆ రోజు పందిట్లో ఆయన్ని దొంగ అంటే, కాదు అని నేను నోరు తెరవలా. బిడ్డ కాపురం అని మింగా. ఇన్నేళ్లూ ఆయన ఇంటి ముందు నుంచి వెళ్లాల్సి వస్తే చుట్టు తిరిగి పోతున్నా. మన ఊరివాళ్లు పదిమంది విన్నారు. ఆయన చెవిన పడకుండా ఉంటదా? ఒక్కనాడూ నన్ను అడగలా. అదీ నాకు బాధ."

"తప్పయింది అత్తయ్య గారూ" అన్నాను.

"పందిట్లో అన్న మాట ఇక్కడ పొగాకు పందిరి కింద కూర్చుని తీసుకుంటే సరిపోదని చెప్పండి. అన్నచోటే అనాలి. ఆచారి గారిని కూడా పిలవమనండి. ఆయన ఎదురుగా అంటేనే నేను వస్తా."

ఆ సాయంత్రమే ఆచారి గారింటికి వెళ్లి పిలిచాను. ఎందుకో చెప్పలేదు. ఆయన, "నాకెందుకు బాబూ" అన్నారు. తర్వాత వస్తానన్నారు.

పందిరి అదే చోట వేశాం. చుట్టాలు దాదాపు వాళ్లే. అత్తగారు వచ్చారు గానీ పందిరి గుంజ దగ్గరే నిలబడ్డారు. ఆచారి గారు ఉతికిన పంచె కట్టుకుని, దారంతో చెవికి కట్టిన కళ్లజోడుతో చివర కుర్చీలో కూర్చున్నారు. బిడ్డను పీట మీద కూర్చోబెట్టే ముందు నేను లేచి నిలబడ్డాను. ముందే అనుకున్న మాటలన్నీ పోయాయి.

"ఆరేళ్ల కిందట ఇక్కడ నేను అత్తగారు పెట్టిన వెండి కల్తీ అన్నాను. అది అచ్చమైన వెండి. గంధకం తగిలి నల్లబడింది. ఆచారి గారి పనిలో ఏ లోపం లేదు. తప్పు నాది."

"ఏరా, ఇన్నాళ్లు పట్టిందా నీ పరీక్ష తేలడానికి?" అన్నాడు మా బాబాయి. నవ్వారు. నేనూ నవ్వబోయాను.

ఆచారి గారు కుర్చీలోంచి కొంచెం లేచారు. "ఇందులో నా తప్పు కూడా ఉంది బాబూ. మిరప ఊరికి ఇస్తున్నారని నాకు తెలుసు. గంధకం చల్లేటప్పుడు విప్పి పెట్టుకోమ్మా అని పిల్లకి ఒక్క ముక్క చెప్పాల్సింది. చెప్పలా."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక కూర్చోవచ్చనుకున్నాను.

"మీరు ఊరుకోండి ఆచారి గారూ" అన్నారు అత్తగారు గుంజ దగ్గర్నుంచి. "మీ తప్పేం లేదు. ఆయన్ని పూర్తిగా చెప్పనీయండి."

ఆమెకు ఏమీ తెలిసి అన్న మాట కాదది. ఇంకొకరు తప్పు తన మీద వేసుకుంటుంటే నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకోవడం ఆమె చూశారు, అంతే. కానీ ఆ మాటతో నేను కూర్చోలేకపోయాను.

"ఇంకొకటి ఉంది" అన్నాను. "ఈ సంగతి నాకు తెలిసి రెండేళ్లయింది. గుంటూరు షాపులో చెప్పారు. చెప్పకుండా దాచాను. వదినకు నేను కొని తెచ్చినవే వెండి కావు. అది బయటపడుద్దని దాచాను."

అందరికన్నా ముందు మా వదిన తేరుకుంది. "అందుకా నాకు కొత్తవి తెచ్చింది? మరిదికి నా మీద ఎంత అభిమానమో అని ఊరంతా చెప్పుకున్నానే." మళ్లీ నవ్వులు. నా భార్య నవ్వలేదు. బిడ్డను ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. ఈమధ్యే తెలిసిందని నేను చెప్పిన అబద్ధం ఆమెకు అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత మూడు వారాలు ఆమె నాతో పనికి సరిపడా మాటలే మాట్లాడింది. అందులో అన్యాయమేమీ లేదు.

అత్తగారు ఆమె వెనకే వెళ్లారు. మా గుమ్మం దాటి లోపలికి వెళ్లడం ఆరేళ్లలో అదే మొదటిసారి. లోపల ఏం మాట్లాడుకున్నారో తెలియదు. "ముహూర్తం దాటిపోతోంది, కోపం తర్వాత చూపిద్దువుగాని, రా" అన్న మాట ఒక్కటి వినపడింది. ఇద్దరూ బయటికొచ్చారు, బిడ్డకు అన్నం ముట్టించారు.

భోజనాలకు ఆచారి గారిని నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఎదురు వరుసలో అత్తగారు కూర్చున్నారు. ఆచారి గారు పప్పు కలుపుకుంటూ, "గంధకం ఏడాదికి ఎన్నిసార్లు చల్లుతారు బాబూ మీరు?" అని అడిగారు. చెప్పాను. ఏ నెలల్లో అని అడిగారు. పొడి చల్లినా, నీళ్లలో కలిపి కొట్టినా ఒకటేనా అని అడిగారు. వెక్కిరింపు ఏమీ లేదు, పనివాడు పని సంగతి అడిగినట్టే. "మీ వైపు పిల్లల్ని ఇచ్చేవాళ్లు మా ఊళ్లో ఇంకా ఉన్నారు. చెప్పి చేయాలి" అన్నారు.

అత్తగారు వింటున్నారు. "గుర్తు పెట్టుకోండి ఆచారి గారూ" అన్నారు. "ఈసారి ఎవరన్నా నల్లబడిందని వస్తే, సాక్ష్యానికి ఈయన్నే పిలుద్దాం."

ఆ మాట కూడా ఆమె నాతో అనలేదు, ఆయనతోనే అన్నారు. అని, విస్తరిలో పెరుగన్నం కలుపుకున్నారు.